శుభం కార్డు పడని కథ

మన పాత సినిమాల్లో ఆఖర్న తెరమీద ‘శుభం’ అని పడేది. అది పడకముందే సగం హాలు లేచి కాళ్లతో చెప్పులు వెతుక్కునేది. విలన్ని పోలీసులు పట్టుకెళ్లారు, హీరో తల్లికి కళ్లొచ్చాయి, ఇంకేం మిగిలింది కనక? కొన్ని కథలున్నాయి, అవి చెప్పులు వెతుక్కోనివ్వవు. దీపాలు వెలిగినా కుర్చీలోంచి లేవనివ్వవు. అలాంటి కథ ఒకటి బ్రిటన్లో, బి.బి.సి. టెలివిజన్లో, 1981 డిసెంబరు 21న సోమవారం నాడు ముగిసింది. క్రిస్మస్ ఇంకా నాలుగు రోజులుంది. నిజానికి ముగిసిందో లేదో తేలకే నలభై ఏళ్లు దాటినా దాని అభిమానులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు.

ఆ సీరియల్ పేరు ‘బ్లేక్స్ సెవెన్’. అంటే బ్లేక్ అనే ఆయనా, ఆయన వెంట ఉన్నవాళ్లూ కలిపి ఏడుగురన్న మాట. 1978 జనవరి 2న మొదలై నాలుగు విడతలుగా, విడతకి పదమూడు చొప్పున, మొత్తం 52 భాగాలు వచ్చింది. సృష్టికర్త టెర్రీ నేషన్. ‘డాక్టర్ హూ’ సీరియల్లో పిల్లల్ని సోఫాల వెనక్కి పరిగెత్తించిన డాలెక్ యంత్రాలు ఆయన పుట్టించినవే.

కథ ఎన్నో వందల ఏళ్ల తర్వాతది. ఫెడరేషన్ అనే ప్రభుత్వం భూమినీ, బోలెడన్ని గ్రహాలనీ గుప్పెట్లో పెట్టుకుని ఉంటుంది. దాన్ని ఎదిరించినవాడు బ్లేక్. అతన్ని చంపితే వీరుడైపోతాడని, నోటితో అనడానికి కూడా సిగ్గుపడే నేరం ఒకటి అతనికి అంటగడతారు. పిల్లల మనసుల్లోకి లేని జ్ఞాపకాలు ఎక్కించి సాక్ష్యం చెప్పిస్తారు. ఖైదీల ఓడలో వేసి దూరపు గ్రహానికి పంపిస్తారు. అక్కడ అతనికి తోడు దొరికినవాళ్లెవరనుకున్నారు? బ్యాంకుల్ని కంప్యూటర్లతో దోచుకోబోయిన ఏవన్, చెయ్యి తిరిగిన దొంగ విలా, ఇంకా అలాంటివాళ్లే. దిక్కులేకుండా తేలుతున్న లిబరేటర్ అనే అద్భుతమైన ఓడ వాళ్ల చేతికి చిక్కుతుంది. ఇంక ఫెడరేషన్ మీద యుద్ధం.

చూడ్డానికి గొప్పగా ఉంటుందా అంటే, ఉండదు. బి.బి.సి. వాళ్లు డబ్బు దగ్గర పొదుపరులు. ఏ గ్రహానికి వెళ్లినా అది ఇంగ్లండులోని కంకర క్వారీలాగే కనిపిస్తుంది. గోడ గట్టిగా తడితే ఊగుతుందేమోనని మనకే భయం వేస్తుంది. కానీ ఆ ఊగే గోడల మధ్య నిలబడ్డ మనుషులు మాత్రం గట్టివాళ్లు. ముఖ్యంగా ఏవన్. ఎవర్నీ నమ్మడు, నమ్మనని పైకి చెబుతాడు, ఆ మాట చెప్పడంలో ఒక అందం ఉంది. ఆ పాత్ర వేసిన పాల్ డారో కళ్లతోనే సగం సంభాషణ నడిపించాడు. బ్లేక్ వేసిన గారెత్ థామస్ రెండో విడత తర్వాత సీరియల్ వదిలి వెళ్లిపోయాడు. బ్లేక్ లేకుండానే ‘బ్లేక్స్ సెవెన్’ మరో రెండు విడతలు నడిచిందంటే, పేరులో ఉన్నవాడు లేని లోటుని ఏవన్ ఎలా పూడ్చాడో ఊహించుకోండి.

ఇక ఆ ఆఖరి భాగం. పేరు ‘బ్లేక్’. రాసింది క్రిస్ బౌచర్, దర్శకత్వం మేరీ రిడ్జ్ అనే ఆవిడ. ఫెడరేషన్ని ఎదిరించేవాళ్లని ఒక్కటి చెయ్యడానికి బ్లేక్ అయితేనే సరైనవాడని, అతను గౌడా ప్రైమ్ అనే గ్రహం మీద ఉన్నాడని ఏవన్ తెలుసుకుంటాడు. (పేరు విని మన పక్క ఊరనుకునేరు!) వాళ్ల ఓడ అక్కడ కూలిపోతుంది. బ్లేక్ ఆ గ్రహం మీద నేరస్థుల్ని పట్టి డబ్బు తీసుకునేవాడి వేషంలో తిరుగుతున్నాడు. అసలు పని తిరుగుబాటుకి మనుషుల్ని పోగుచెయ్యడం. దొరికిన ప్రతివాణ్నీ, నిన్ను ఫెడరేషన్కి అమ్మేస్తానని బెదిరించి పరీక్షిస్తూ ఉంటాడు. ఏవన్ మనిషి టారంట్ని కూడా అలాగే పరీక్షిస్తాడు. టారంట్ అది నిజమని నమ్మి తప్పించుకుని పారిపోయి, బ్లేక్ మనల్ని అమ్మేశాడని ఏవన్తో చెబుతాడు. బ్లేక్ ఎదురొస్తాడు. నీ కోసమే ఎదురు చూస్తున్నాను, ఇదంతా నేనే ఏర్పాటు చేశాను అంటాడు. ఏ మాట చెప్పకూడదో సరిగ్గా ఆ మాట! ఏవన్ మూడుసార్లు కాలుస్తాడు. బ్లేక్ అతన్ని పట్టుకునే కిందికి జారిపోతాడు. బ్లేక్ నమ్మి చేర్చుకున్న ఆర్లెన్ అనే అమ్మాయి, తను ఫెడరేషన్ అధికారినని అప్పుడు బయటపెడుతుంది. డేనా, విలా, సూలిన్, టారంట్ ఒక్కొక్కరే తూటాలు తగిలి కూలిపోతారు. బ్లేక్ శవం దగ్గర ఏవన్ ఒక్కడే మిగులుతాడు. చుట్టూ నల్లటి ముసుగుల సైనికులు. అతను తుపాకి ఎత్తుతాడు. నవ్వుతాడు. తెర నల్లబడుతుంది. పేర్లు పడుతుంటే తుపాకుల చప్పుళ్లు.

అంతే. శుభం లేదు, సశేషం లేదు.

ఆ చీకట్లో ఏం జరిగిందనేదే అభిమానుల చర్చ. కొట్టిపారెయ్యకండి, ఆ వాదనలు ప్లీడర్లు కూడా చెవి ఒగ్గి వినదగ్గవి. ఒక వర్గం అంటుంది: బ్లేక్ ఒంటిమీద తప్ప మిగతా ఎవరి మీదా రక్తం కనపడలేదు, కాబట్టి వాళ్లు స్పృహ తప్పారే గాని చావలేదు. రెండో వర్గం: సైనికులు గుండ్రంగా నిలబడ్డారు కదా, ఏవన్ చటుక్కున వంగి ఉంటే వాళ్ల తూటాలు వాళ్లకే తగిలుంటాయి. మూడో వర్గం మరీ తెలివైనది. రెండో విడతలో ‘వెపన్’ అనే భాగంలో బ్లేక్ పోలికలతో ఒక నకలు మనిషిని తయారు చేశారు, అతను ఆ కథలో చావలేదు, కాబట్టి గౌడా ప్రైమ్లో చచ్చింది ఆ నకలే అంటుంది. ఇంకొందరు ఒరాక్ సంగతేమిటంటారు. ఒరాక్ అంటే వాళ్ల దగ్గరున్న సర్వజ్ఞురాలైన కంప్యూటర్ పెట్టె. ఆఖరి గదిలో అది లేదు. మరి ఎవరి చేతికి చిక్కింది?

ఇవి కబుర్లతో ఆగలేదు. టైపు కొట్టి, కాపీలు తీసి, పోస్టులో పంపుకునే చిన్న చిన్న పత్రికల్లో ‘గౌడా ప్రైమ్ తర్వాత’ అనే కథలు ఒక శాఖగా పెరిగాయి. అమెరికాలో సీరియల్ ఇంకా ప్రసారం కాకముందే వీడియో కాసెట్లు చేతులు మారాయి. ఆ కథలు రాసినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. 1984లో టోనీ ఆట్‌వుడ్ ‘ఆఫ్టర్ లైఫ్’ అని నవలే రాశాడు. అందులో ఏవన్, విలా బతికే ఉన్నారు. చివరికి పాల్ డారో కూడా కలం పట్టి, 2013లో వచ్చిన ‘లూసిఫర్’ నవలలో తను వేసిన పాత్రని తనే బతికించుకున్నాడు. తెర నల్లబడిన చోట అంతమంది దీపాలు పట్టుకుని తిరిగారన్న మాట.

సాక్ష్యాల సంగతి చూద్దాం. రక్తం బ్లేక్ మీదే ఎందుకు కనిపించిందో తెలుసా? గారెత్ థామస్ ఆఖరి భాగానికి తిరిగి రావడానికి షరతు పెట్టాడు: బ్లేక్ చావాలి, ఆ చావులో సందేహం ఉండకూడదు. అందుకే ఆ నెత్తురు. మిగతా నటుల విషయంలో అలాంటి షరతు లేదు. ఐదో విడత వస్తే కావలసినవాళ్లని లేపుకోవచ్చని రచయిత తలుపు ఓరగా తెరిచి ఉంచాడు. అంతకుముందు 1980లో మూడో విడత చివర ఓడ నాశనమై కథ అక్కడికి సరి అని అందరూ అనుకుంటే, ఆ భాగం అవుతూనే సీరియల్ మళ్లీ వస్తుందని అనౌన్సరు ప్రకటించి, నటించినవాళ్లనే నివ్వెరపరిచాడు. తలుపు తెరిచి ఉంచడం రచయిత ముందుచూపే గాని చాదస్తం కాదు. అభిమానులు కథలోని ఆధారంగా పట్టుకున్న రక్తపు మరక నిజానికి ఒక నటుడి ఒప్పందంలోని ఆధారం!

వారపత్రికలకి సీరియల్ రాసే నాకు ఇందులో నవ్వొచ్చేదీ ఉంది, గుండె కలుక్కుమనేదీ ఉంది. వారం వారం రాసే కథలో ఎన్నో మలుపులు కథ అవసరం కోసం రావు. ఇంకో నాలుగు వారాలు పొడిగించమని సంపాదకుడి దగ్గర్నుంచి కబురొస్తే, పెళ్లి కావలసిన పిల్లకి టైఫాయిడ్ వస్తుంది. పాఠకురాలు మాత్రం ఆ జ్వరంలో కూడా అర్థం వెతుక్కుంటుంది. వెతుక్కుని, ఒక్కోసారి మనం పెట్టనిదాన్ని కూడా పట్టుకుంటుంది. ఆ అర్థాన్ని కాదనే హక్కు మనకు లేదు. రాసేసిన తర్వాత రచయిత్రి కూడా ఒక పాఠకురాలే, కాకపోతే కాస్త ముందు వరసలో కూర్చున్న పాఠకురాలు.

అయినా, బతికారా చచ్చారా అనే ప్రశ్న ఆ ముగింపుని చిన్నది చేస్తుందని నా అభిప్రాయం. దానికి ఏ జవాబు చెప్పినా ఎవరో ఒకరు ఊరట పడతారు, అంతకుమించి ఏమీ తెలియదు. అడగవలసింది, ఏవన్ ఎందుకు కాల్చాడని. దానికి సీరియల్లోనే జవాబుంది, 52 భాగాల్లో పరుచుకుని ఉంది. మూడో విడతలో, తను ప్రేమించిన అన్నా గ్రాంట్ ఫెడరేషన్ మనిషని తెలిసి ఏవన్ ఆమెని తన చేత్తో కాల్చాడు. అదే విడత చివర, బ్లేక్ పిలుస్తున్నాడన్న దొంగ కబురు నమ్మి వెళ్లి, సెర్వలాన్ పన్నిన వలలో పడ్డాడు. అక్కడ అతను చూసిన బ్లేక్ వట్టి భ్రమ. నాలుగో విడతలో, ఓడ బరువు తగ్గించుకోవడానికి తన స్నేహితుడు విలానే బయటికి తోసేద్దామని వెతికాడు. ఇన్ని అయిన మనిషి ఎదుట నిజమైన బ్లేక్ నిలబడి, ఇదంతా నేనే ఏర్పాటు చేశానంటే ఏమవుతుంది? అదే అయింది.

బ్లేక్ మాత్రం తక్కువ తిన్నాడా? మనుషుల్ని అబద్ధంతో పరీక్షించాడు. ఆ పరీక్షలో నెగ్గి లోపలికొచ్చిన ఆర్లెన్ గూఢచారి. అదే పరీక్షలో నెగ్గి కూడా, నెగ్గానని తెలియక పారిపోయిన టారంట్ నిజాయితీపరుడు. పరీక్ష పెట్టినవాడి ప్రాణం మీదికే పరీక్ష వచ్చింది. పెళ్లిచూపుల్లో పిల్ల గుణం తెలుసుకోవడానికి అబద్ధాలాడే పెద్దవాళ్లని చూశాం కదా, వాళ్లకి గుణం తెలియదు, పిల్లకి మాత్రం వీళ్ల గుణం తెలిసిపోతుంది. కాకపోతే అక్కడ తుపాకులుండవు!

మొదటి భాగాన్ని ఒకసారి గుర్తు చేసుకోండి. లేని నేరాన్ని పదిమందీ నమ్మడంతో బ్లేక్ బతుకు పాడైంది. ఆఖరి భాగంలో లేని ద్రోహాన్ని ఒక్కడు నమ్మడంతో అతని ప్రాణం పోయింది. మొదటిసారి నమ్మించడానికి ఫెడరేషన్ ఎంత కష్టపడింది! కోర్టు, సాక్షులు, పిల్లల మెదళ్లలోకి దొంగ జ్ఞాపకాలు. రెండోసారి ఏమీ చెయ్యనక్కర్లేకపోయింది. వాళ్ల రాణిలాంటి సెర్వలాన్ ఆ ఆఖరి భాగంలో కనిపించనే కనిపించదు. ఆవిడ రావలసిన అవసరం లేదు. ఒకరినొకరు అనుమానించుకోవడం శత్రువులకి నేర్పేసిన ప్రభుత్వం ఇంక చెయ్యి చేసుకోనక్కర్లేదు. ఇంత చేదు సంగతిని, క్రిస్మస్ వారంలో, ఇంటిల్లిపాదీ చూసే సీరియల్లో చెప్పడానికి ధైర్యం కావాలి.

లోపాలు లేకపోలేదు. అన్నీ ఒకే గదిలో ఒకే నిమిషంలో కలిసి రావడం కాస్త కూడబలుక్కున్నట్టు ఉంటుంది. టారంట్ నోట్లోంచి ఇంకొక్క వాక్యం వచ్చినా, బ్లేక్ మాటల్ని తిరగేసి చెప్పినా కథే లేదు. డేనా, సూలిన్‌లకి ఆ ఆఖరి భాగంలో పడిపోవడం తప్ప రచయిత పెద్ద పని ఇవ్వలేదు. ఆడవాళ్లు రాసిన ‘గౌడా ప్రైమ్ తర్వాత’ కథలని ఈ లోటుకి ఇచ్చిన జవాబుగా చదివితే, వాటి మీద గౌరవం పెరుగుతుంది.

గారెత్ థామస్ 2016లో, పాల్ డారో 2019లో పోయారు. ఆ గదిలో మళ్లీ లేచి నిలబడడానికి అసలు మనుషులే లేరిప్పుడు. అయినా చర్చ ఆగలేదు. 1998, 1999లలో బి.బి.సి. రేడియో నాటకాలు వేసినప్పుడు కూడా కథని గౌడా ప్రైమ్‌కి ముందు కాలంలోనే పెట్టుకున్నారు, ఆ గది తలుపు తట్టలేదు. మంచి పని చేశారు.

ఎందుకంటే, నా మటుకు ఆ చప్పుళ్లు ఎవరి తుపాకివన్న దానికన్నా, దానికి ముందు వచ్చిన ఆ నవ్వే పెద్ద ప్రశ్న. జీవితంలో ఎవర్నీ నమ్మనన్నవాడు, చివరికి నమ్మదగ్గ ఒక్కణ్నీ తనే చంపుకున్నాడని ఆ క్షణంలో అతనికి తెలుసు. తెలిసి నవ్వాడు. ఆ నవ్వుకి అర్థం చెప్పమంటే ఏ అభిమానీ రక్తపు మరకలు చూపించి తప్పించుకోలేడు. కాసెట్టు వెనక్కి తిప్పి ఆ ముఖాన్నే మళ్లీ చూడాలి.