అందరికీ ఇరవయ్యేనా?

మోకాలు నొప్పి అని చెప్పుకుంటే మా అక్క మనవరాలు నా నెత్తి మీద వెంట్రుకలు పాయలు తీసి చూసింది. పేలున్నాయా, చుండ్రుందా, పుండ్లున్నాయా అని. ఉన్న నాలుగు వెంట్రుకలకు ఇంత మర్యాద దక్కినందుకు సంతోషించాలో, ఆదివారం పూట ఉగ్గాని చల్లారిపోతున్నందుకు విసుక్కోవాలో తెలియలేదు.

“నొస్తాండేది మోకాలు పాపా, నెత్తి కాదు.”

“మోకాలు కడాకు వస్తాది తాతా. నెత్తి నుంచి కాళ్లదాంకా వరస. తప్పితే మా మేడమ్ మార్కులు కోస్తాది.”

అనంతపురంలోనే బీఎస్సీ నర్సింగ్ చదువుతోంది. రెండో సెమిస్టరు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2021-22 నుంచి సిలబస్ మార్చి సెమిస్టర్ల పద్ధతి తెచ్చాక, ఈ సెమిస్టర్లో హెల్త్ అసెస్‌మెంట్ అని విడిగా ఒక మాడ్యూలే పెట్టారు. ముందు ల్యాబ్‌లో బొమ్మ మీద నేర్చుకుంటారు, తర్వాత ఒకరి మీద ఒకరు, ఆ తర్వాత వార్డులో. బొమ్మ పలకదు, స్నేహితురాలు కితకితలని నవ్వుతుంది, వార్డులో పెద్దాయన కసురుకుంటాడు. సెలవు రోజుల్లో మాలాంటి ముసలి చుట్టాలు పనికొస్తారు.

ఆ పిల్ల చేతిలో నాలుగు పేజీల ఫారం. ఫారాలతో నాకున్న వైరం ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్త కాదు. పంట నష్టం ఫారం మీద ఒక వారం, బతికే ఉన్నానని ఏటా పింఛను ఆఫీసుకు రుజువు చూపించే కాగితం మీద ఇంకో వారం దుమ్మెత్తి పోసినవాణ్ని. గడులు పెరిగే కొద్దీ మనిషి కనిపించకుండా పోతాడన్నది నా సిద్ధాంతం. ఇప్పుడు నా శరీరమే గడుల్లోకి పోతోంది: నిద్ర ఎన్ని గంటలు, ఆకలి ఎట్లుంది, దొడ్డికి రోజూ పోతావా, తాగేది ఏ నీళ్లు. మోకాలి మాట మాత్రం ఎక్కడా లేదు.

మా ఊళ్లో వెనకటికి ఒక కాంపౌండరు ఉండేవాడు. ఫారం లేదు, పెన్ను లేదు. అరుగు మీద కూర్చుని, వేపచెట్టు దగ్గర నుంచి రోగి నడిచొచ్చే తీరు చూసేవాడు. వచ్చి కూర్చునే సరికి జబ్బు పేరు చెప్పేసేవాడు. గోళ్లు తెల్లగా పాలిపోయి ఉంటే “నీకు రక్తమే లేదు కదమ్మా” అనేవాడు. చింతచెట్టుకు కట్టిన గుడ్డ ఉయ్యాల్లో ఊగుతున్న పసిబిడ్డ పొట్ట మీద చర్మం రెండు వేళ్లతో పట్టి వదిలి, మడత పోకుండా నిలబడితే అప్పటికప్పుడు ఎద్దులబండి కట్టించేవాడు. ఆ చూపు ముందు నాలుగు పేజీలు ఎందుకు అని రాద్దామనే ఈ వారం కాగితం ముందేసుకున్నాను.

కాంపౌండరు గుర్తొస్తే బోర్లు గుర్తొస్తాయి. నా బోర్ల గోడు వినీ వినీ విసిగినవాళ్లు రెండు పేరాలు దాటేయొచ్చు.

పైనుంచి చూసి లోపలేముందో చెప్పే విద్య మన జిల్లాలో పుట్టినవాళ్లకు కొత్తదేం కాదు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల అటూ ఇటూ పడే వాన, అది కూడా పడితే. కింద గ్రానైటు, నైసు రాయి. రాతి పగుళ్లలో దాక్కున్నవే నీళ్లు. అందుకే బోరు పాయింటు చూసేవాళ్లకు ఇక్కడ పెళ్లిళ్ల పురోహితుడి కంటే గిరాకీ. ఒకాయన అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకుని చేనంతా తిరుగుతాడు, అది లేచి నిలబడిన చోట నీళ్లు. ఇంకొకాయనకు వేప పంగ కర్ర, చేతుల్లో అది తిరగాలి. మా తమ్ముడి చేన్లో టెంకాయ ఎంత ఠీవిగా నిలబడిందంటే చూసిన ఆడవాళ్లు దండం పెట్టారు. రిగ్గు ఆరొందల అడుగులు పోయింది. తెల్లటి రాతి పొడి లేచి పక్క చేన్లోని శనక్కాయ మీద పరుచుకుంది.

తర్వాత వాడు ఒక జియాలజిస్టును పిలిపించాడు. ఆయన చేను పొడుగునా నాలుగు కమ్మీలు పాతి, వైర్లు లాగి, భూమిలోకి కరెంటు పంపి మీటరులో అంకెలు చూశాడు. కమ్మీలు పీకి ఇంకాస్త దూరం జరిపి మళ్లీ పాతాడు. ఎవరూ అడగని చోట్ల, నీళ్లుండవని చూస్తేనే తెలిసే గుట్ట వారన కూడా అంకెలు రాసుకున్నాడు. మధ్యాహ్నమంతా ఇదే పని. అంతా అయ్యాక “ఈ చేన్లో వద్దు” అన్నాడు. అంత ఫీజు తీసుకుని ఇదా చెప్పేది అని ఊరు నవ్వింది. తమ్ముడు టెంకాయాయన్ను మళ్లీ పిలిచాడు. రాతి పొడి మళ్లీ లేచింది.

ఇప్పటికీ ఆ టెంకాయాయన పేరు చెబితే జనం గంగ పడిన చేలు వరసగా చెబుతారు. ఎండిపోయిన బోర్లు ఏ కథలోనూ ఉండవు. జియాలజిస్టు కాగితం మాత్రం మా తమ్ముడి బీరువాలో ఉంది. నీళ్లు లేని చోట్లు కూడా అందులో ఉన్నాయి, అంకెలతో సహా. ఈ వారం ఆ సంగతి రాస్తుంటే కాంపౌండరు గురించి ఒక అనుమానం పట్టుకుంది. ఆయన కనిపెట్టిన జబ్బులు ఊరంతా చెప్పుకుంటుంది. కనిపెట్టలేక పోయినవాళ్లను ఎక్కడని వెతకాలి? ఆయన ఏమీ రాసిపెట్టలేదు. నడక చూసి చెప్పగలవాడికి, నడక బాగానే ఉన్నవాళ్లలో ఏం తప్పిపోయిందో ఎట్లా తెలుస్తుంది?

నర్సింగ్ అనగానే అందరూ దీపం పట్టుకుని నిలబడ్డ ఫ్లోరెన్స్ నైటింగేల్ బొమ్మ పెడతారు. 1859 చివర్లో ఆమె వేసిన నోట్స్ ఆన్ నర్సింగ్‌లో రోగిని గమనించడం మీదే ఒక అధ్యాయం ఉంది. అయితే మన కరువు సీమవాళ్లు ఆమెను తలుచుకోవలసింది వేరే సంగతికి. సిపాయి తిరుగుబాటు తర్వాత భారతదేశంలో సైన్యం ఆరోగ్యం మీద ఒక రాయల్ కమిషన్ వేశారు. ఆమె ఈ దేశంలో ఏనాడూ అడుగు పెట్టలేదు. మరి ఎట్లా చూసింది? ఫారాలతో. నీళ్లు ఎక్కడివి, మురుగు ఎటు పోతుంది, ఏ జబ్బుకు ఎందరు పడ్డారు అని ప్రశ్నల పట్టిక తయారు చేసి దేశంలోని ప్రతి సైనిక స్థావరానికీ పంపించింది. మన జిల్లా అప్పటికింకా బళ్లారిలో భాగం, 1882లో కదా విడిపోయింది. ఆ బళ్లారిలో పెద్ద కంటోన్మెంటు ఉండేది. ఎక్కువ కాలం మంచం మీదే గడిపిన ఆ మనిషి తిరిగొచ్చిన జవాబులు ముందేసుకుని, 1863లో కమిషన్ రిపోర్టుతో పాటు తన పరిశీలనలు వెలువరించింది. తర్వాత 1876-78 నాటి మహాకరువులో మద్రాసు రాజధాని జనం చచ్చిపోతుంటే, కాలువలు తవ్వండని ఆర్థర్ కాటన్ పక్షాన నిలబడి వాదించింది. ఫారం పట్టిన చేయి అంత దూరం చూడగలిగిందంటే ఫారాల మీద నా పాత సిద్ధాంతానికి కష్టమే.

మళ్లీ మా పిల్ల దగ్గరికి. చూడటం, తాకటం, తట్టటం, వినటం, ఈ నాలుగూ వరస. పొట్ట దగ్గరికి వచ్చేసరికి మాత్రం వరస మారింది. చూసిన వెంటనే స్టెతస్కోపు పెట్టి వింది, ఆ తర్వాతే వేళ్లు ఆనించింది. ముందే నొక్కితే పేగులు కదిలి చప్పుడు మారిపోతుందట. బీపీకి ముందు ఐదు నిమిషాలు కాళ్లు నేలకు ఆనించి, చేయి గుండె ఎత్తున బల్ల మీద పెట్టి, నోరు మూసుకుని కూర్చోమంది. ఆ మధ్య ఒక ఉచిత శిబిరంలో మెట్లెక్కి ఆయాసపడుతున్న నన్ను వరసలో నిలబెట్టే ఒక పిల్లాడు పట్టీ చుట్టాడు, అంకె చూసి వాడే హడలిపోయి బిళ్లలు చేతిలో పెట్టాడు. ఇక్కడ మణికట్టు దగ్గర నాడి పట్టుకుని పట్టీకి గాలి కొట్టి, నాడి ఆగిన అంకె గుర్తుపెట్టుకుని, గాలి వదిలేసి, కాసేపాగి మళ్లీ కొట్టి అప్పుడు వింది. ఆ చప్పుళ్లను 1905లో కోరోత్కోవ్ అనే రష్యా సైనిక వైద్యుడు వినిపెట్టాడు. వందేళ్లు దాటినా చెవికి అలవాటు కావలసిందే.

నాకు ముచ్చటేసింది శ్వాస లెక్క దగ్గర. మూడు వేళ్లు ఆనించి నాడి చూసింది. బొటనవేలితో చూడకూడదట, దాని నాడి దానికే కొట్టుకుంటుంది. నిమిషం అయిపోయింది. చేయి మాత్రం వదల్లేదు. గడియారం వైపే చూస్తోంది.

“ఇంకా ఏం పాపా?”

“ఉండు తాతా, మాట్లాడద్దు.”

అప్పటికే నాడి లెక్క అయిపోయి, చేయి పట్టుకున్నట్టే పట్టుకుని నా ఛాతీ ఎగిసిపడేది లెక్కిస్తోంది. ఊపిరి లెక్కిస్తున్నానని చెబితే ఊపిరి మారిపోతుంది కదా. నిండా ఒక నిమిషం లెక్కపెట్టి పదిహేడు అని రాసింది. మూడు నెలలుగా నేర్చుకున్న దానిలో ఇదే చాలా కష్టమని చెప్పింది. బీపీకి మిషన్ ఉంది, జ్వరానికి ఉంది, వేలికి తొడిగే ఆక్సిజన్ క్లిప్పు ఉంది. జనరల్ వార్డులో ఊపిరికి మాత్రం నిలబడి ఒక నిమిషం ఇచ్చే మనిషే మిషన్.

ఆ నిమిషం ఎవరూ ఇవ్వరు. ఏ ఊరి ఆస్పత్రైనా, మంచం కాళ్లకు వేలాడే, జ్వరం, నాడి, ఊపిరి రాసే టీపీఆర్ చార్టు తిరగేసి చూడండి. నాడి ఒకరికి డెబ్బై రెండు, ఒకరికి తొంభై. ఊపిరి మాత్రం అందరికీ ఇరవయ్యే. నిన్న ఇరవై, ఇవాళ ఇరవై, కాటికి పోయే ముందు రాత్రి కూడా ఇరవై. ఇది మన దగ్గరే పుట్టిన జబ్బు కాదు, ప్రపంచమంతా నర్సులూ డాక్టర్లూ ఒప్పుకునే జబ్బే. ఒంట్లో ఏదైనా ముదురుతుంటే బీపీ పడిపోవడానికి ముందే ఊపిరి వేగం పెరుగుతుంది. అదే పసిపిల్లలకైతే దగ్గుతో వచ్చిన బిడ్డది న్యుమోనియానా కాదా అని తేల్చే మొదటి అంకె: రెండు నెలల లోపు బిడ్డకు నిమిషానికి 60, ఏడాది లోపు 50, ఐదేళ్ల లోపు 40, అది చేరినా దాటినా తాత్సారం కూడదు. చూడకుండా నింపిన ఒక్క గడి ముందు, కాంపౌండరు ఏమీ రాయకపోవడమే నయం.

చూసి నింపిన గడి సంగతి వేరు. నా నాలుగు పేజీల్లో మోకాలు తప్ప అన్నీ నార్మల్. చదువుతుంటే నిరాశగా కూడా ఉంది, అరవై దాటినవాడికి ఇంత సాదా ఫలితమా అని. కానీ పొద్దున తొమ్మిదికి ‘పొట్ట మెత్తగా ఉంది, నొక్కితే నొప్పి లేదు’ అని ఒకరు రాసి ఉంటేనే కదా, సాయంత్రం డ్యూటీకి వచ్చిన ఇంకొకరికి ఆ పొట్ట గట్టిపడిందని తెలిసేది. రోగి చెప్పడు. చెప్పినా “గ్యాసు పట్టినట్టుందమ్మా” అంటాడు. మనవాళ్లకు గొంతు నుంచి నడుము దాకా ఏం వచ్చినా గ్యాసే.

ఈ పిల్లలు రేపు పోయేది ఎక్కడికి? కొందరు బెంగళూరుకు, కొందరు గల్ఫ్‌కు. ఇక్కడే ఉంటే ఊళ్లలోని హెల్త్ క్లినిక్కుల్లో. అక్కడ కూర్చుని చూస్తున్నది బీఎస్సీ నర్సింగ్ చదివిన అమ్మాయిలే. డాక్టరు అక్కడ ఉండడు, ఈ-సంజీవని తెర మీద కనిపిస్తాడు. తెరలో నుంచి పొట్ట నొక్కలేడు, రెప్ప తీసి చూడలేడు, ఎగపోత వినలేడు. ఈ పిల్ల ఏం చెబితే అదే ఆయనకు రోగి. చేను పాడు కాకూడదంటే చెప్పేవాళ్లు నీళ్లు లేని చోటు కూడా చెప్పాలి.

ఒక్క దగ్గర మాత్రం ఫారం నాకు నచ్చలేదు. మెడ దగ్గర ‘కదలిక: మామూలే / మామూలుగా లేదు’ అని ఒకే గడి, తలను అటూ ఇటూ తిప్పమంటారు. ఇది అనంతపురం. బోరు లోతుకు పోయే కొద్దీ ఆ రాతిలోంచి ఫ్లోరైడు నీళ్లలో కలుస్తుంది. తాగే నీళ్లలో లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేనప్పుడు 1.5 వరకు. 1995-96లో సత్యసాయి పథకం ఏడొందలకు పైగా ఊళ్లకు నీళ్లు తెచ్చింది కానీ, అంతకు ముందు తరాలు ఏళ్ల తరబడి తాగినవి ఎముకల్లోనే ఉన్నాయి. ఈ ఫ్లోరైడు జబ్బును అనుమానించడానికి, ల్యాబ్‌కు పంపే ముందు, మూడు పనులు చాలు. గడ్డం ఛాతీకి ఆనుతుందా? చేతులు తల వెనక కలుస్తాయా? మోకాళ్లు వంచకుండా నేల మీద రూపాయి బిళ్ల తీయగలరా? మోకాళ్ల నొప్పి అని వచ్చే ప్రతి పల్లెటూరి పెద్దమనిషికీ ఇవి అడగాలి.

మా పిల్లతో అన్నాను, దీనికి గడి కావాలి కదా అని. ఫారం మారిస్తే మేడమ్ ఊరుకోదంది. సోమవారం కమ్యూనిటీ పోస్టింగుకు పోతోంది, పక్క మండలం ఊళ్లకు. అడిగి చూస్తుందట. ఒప్పుకోకపోతే మార్జిన్లో పెన్సిల్‌తో రాసుకుంటుందట.