పరిష్కరణ పాఠంగా లినక్స్ కెర్నల్ మార్పు వివరణ: డర్టీ కౌ దోషం - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

లినక్స్ కెర్నల్‌లో జరిగే ప్రతి మార్పుకూ దాని కారణాన్ని తెలిపే ఒక గద్యపాఠం జతగా ఉంటుంది. సాంకేతిక రంగంలో దీనిని కమిట్ సందేశం అంటారు. దీనిని పరిష్కరణ సాహిత్యంలో ఒక భాగంగా చదవవచ్చునని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. డర్టీ కౌ అనే దోషాన్ని సరిదిద్దడానికి 2005 నుండి 2022 వరకు రాసిన పాఠాలను ఆధారంగా చేసుకొని, ఈ గద్యంలోని గుణాన్నీ లోపాన్నీ చర్చిస్తుంది.

కీలకపదాలు: లినక్స్ కెర్నల్, కమిట్ సందేశం, పరిష్కరణ, పాఠ చరిత్ర, డర్టీ కౌ, మౌనం.

1. ఉపోద్ఘాతం:

తెలుగులో 'పరిష్కరణ', 'పరిష్కారం' అనేవి ఒకే ధాతువు నుండి ఏర్పడిన మాటలు. ప్రాచీన గ్రంథాన్ని ప్రతులతో సరిచూసి శుద్ధపాఠం నిర్ణయించడం పరిష్కరణ. చిక్కుముడిని విప్పడం పరిష్కారం. కంప్యూటర్ ప్రోగ్రాములోని దోషాన్ని సరిదిద్దే పనికి ఈ రెండు అర్థాలూ సరిపోతాయి. అది ఒక సమస్యకు పరిష్కారం, ఒక పాఠానికి పరిష్కరణ కూడా.

కెర్నల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కు మూలభాగం. యంత్రంలోని జ్ఞాపకశక్తిని, ప్రాసెసర్‌ను, నిల్వ పరికరాలను ప్రోగ్రాములకు పంచిపెట్టే అధికారం దానిది. హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థిగా లినస్ టోర్వాల్డ్స్ 1991లో ప్రారంభించిన లినక్స్ కెర్నల్ నేడు సర్వర్లలోనూ, ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ పనిచేస్తున్నది. సుమారు తొమ్మిది, పది వారాలకొకసారి కొత్త సంచిక వెలువడుతుంది. ఒక్కొక్క సంచికలో పదివేలకు పైగా మార్పులు ఉండటం పరిపాటి. ఇంత వేగంగా మారే పాఠాన్ని ఇన్ని వేల చేతులు కలిసి ఎలా నిలబెడుతున్నాయనే ప్రశ్నకు సమాధానంలో కొంత భాగం, ఆ మార్పులకు జతచేసే గద్యంలో ఉంది.

2. మార్పు వివరణ - రూపం, నియమాలు:

కమిట్ సందేశానికి స్థిరమైన రూపం ఉంది. మొదట ఒక్క పంక్తి శీర్షిక. తరువాత వివరణ. చివర సంతకాలు. శీర్షికలో విధ్యర్థక క్రియను వాడాలని కెర్నల్ మార్గదర్శకాలు సూచిస్తాయి. 'ఈ మార్పు దోషాన్ని తొలగిస్తుంది' అనకూడదు. 'దోషాన్ని తొలగించు' అనాలి. రచయిత కోడ్‌కు ఆజ్ఞ ఇస్తున్నట్లు ఈ వాక్యం సాగుతుంది. వివరణ భాగంలో మొదట సమస్యను చెప్పాలి, ఆ తరువాతనే పరిష్కారాన్ని చెప్పాలి. ఏమి మార్చామన్నది కోడ్‌లోనే కనిపిస్తుంది కనుక, ఎందుకు మార్చామన్నదే ఈ గద్యం మోయవలసిన బరువు.

సంతకాల భాగం మన ముద్రిత గ్రంథాల్లోని కృతజ్ఞతల వంటిది కాదు. ఇది బాధ్యతల పట్టిక. రాసినవారు, పరీక్షించినవారు, సమీక్షించినవారు, దోషాన్ని మొదట తెలిపినవారు వేర్వేరు గుర్తులతో నమోదవుతారు. తాను పంపుతున్న కోడ్‌ను పంపే హక్కు తనకు ఉందని రచయిత సంతకం చేసే పద్ధతి 2004లో మొదలయింది. ఏ పాత మార్పు వల్ల ఈ దోషం పుట్టిందో తెలిస్తే, ఆ మార్పు గుర్తింపు సంఖ్యను శీర్షికతో సహా పేర్కొనాలి. అంటే ప్రతి పరిష్కర్తా తన పూర్వ పరిష్కర్త పాఠాన్ని చూపించి మాట్లాడవలసి ఉంటుంది.

ఈ పాఠాలను భద్రపరిచే గిట్ అనే సాధనాన్ని టోర్వాల్డ్స్ 2005 ఏప్రిల్‌లో రూపొందించాడు. ఇందులో ప్రతి మార్పుకూ గుర్తింపు సంఖ్య దాని విషయం నుండి, దాని ముందరి మార్పు సంఖ్య నుండి లెక్కకట్టబడుతుంది. మధ్యలో ఒక్క అక్షరం మార్చినా తరువాతి సంఖ్యలన్నీ మారిపోతాయి. ఎవరికీ తెలియకుండా ప్రక్షిప్తం చేర్చడం ఇక్కడ దాదాపు అసాధ్యం. అదే కారణంగా, ఒకసారి చేరిన వివరణలో తప్పు దొర్లినా దానిని దిద్దడానికి వీలుండదు. దాని తప్పును మరొక పాఠమే చెప్పాలి. ఈ చరిత్రకు ఒక తెగిన అంచు కూడా ఉంది. పాత చరిత్ర తమ వద్ద ఉన్నా, అది సుమారు 3.2 గిగాబైట్లు అవుతుందనీ, తొలిదశలో అనవసరపు భారమనీ చెప్పి టోర్వాల్డ్స్ దానిని ఈ భాండాగారంలో చేర్చలేదు. ఆ విడిచిపెట్టిన సంగతిని మొదటి సందేశంలోనే రాసిపెట్టాడు. లోపాన్ని లోపంగా నమోదు చేయడమే ఈ సంప్రదాయానికి తొలి వాక్యమయింది.

3. డర్టీ కౌ - దోష స్వరూపం:

ఈ దోషాన్ని ప్రాచ్యలిఖిత గ్రంథాలయం పోలికతో వివరించవచ్చు. ఒక తాళపత్ర గ్రంథాన్ని చదవడానికి పాఠకునికి అనుమతి ఉంది, దానిపై రాయడానికి లేదు. అతడు రాయాలనుకుంటే గ్రంథపాలకుడు ఆ పత్రానికి నకలు తీసి ఇస్తాడు. రాత నకలుపై పడుతుంది, మూలం భద్రంగా ఉంటుంది. కెర్నల్‌లోని జ్ఞాపకశక్తి పుటల విషయంలో ఇదే పద్ధతి. రాయబోయే క్షణంలో మాత్రమే నకలు తీయడాన్ని 'కాపీ ఆన్ రైట్' అంటారు. దాని పొడి అక్షరాలే 'కౌ'.

నకలు తీయడం ఒక మెట్టు, రాయడం మరొక మెట్టు. నకలు తీసిన తరువాత కెర్నల్ 'రాయడానికి' అన్న అభ్యర్థన గుర్తును తొలగించి, మళ్ళీ పుటను వెతుకుతుంది. సరిగ్గా ఆ సందులో అదే ప్రోగ్రాములోని మరొక భాగం ఆ నకలును పారవేయమని కోరితే, వెతుకులాటకు దొరికేది మూలమే. రాత గుర్తు అప్పటికే తొలగింది కనుక కెర్నల్ అడ్డుచెప్పదు. రాత మూలంపై పడుతుంది. ఈ విధంగా ఏ అధికారమూ లేని సాధారణ వినియోగదారుడు, తాను చదవడానికి మాత్రమే వీలున్న వ్యవస్థా ఫైళ్ళను మార్చి, యంత్రంపై పూర్తి అధికారం సంపాదించగలిగాడు. ఇది వాస్తవంగా దుర్వినియోగం కూడా అయింది. 2016 అక్టోబరులో దీనిని సరిదిద్దారు.

4. 2016 నాటి పాఠం - పరిశీలన:

టోర్వాల్డ్స్ స్వయంగా రాసిన ఈ సందేశం చాలా చిన్నది. అయినా అందులో పదకొండేళ్ల చరిత్ర ఉంది. ఇది పురాతన దోషమనీ, పదకొండేళ్ల క్రితం తానే దీనిని దిద్దబోయి సరిగా దిద్దలేకపోయాననీ అతడు మొదటి వాక్యంలోనే చెబుతాడు. 2005 నాటి ఆ మార్పు ఐబిఎం మెయిన్‌ఫ్రేమ్ యంత్రాలపై సమస్యలు తెచ్చినందువల్ల, మరొక మార్పుతో రద్దయిందని వివరిస్తాడు. రెండు పాత మార్పుల గుర్తింపు సంఖ్యలనూ శీర్షికలనూ ఇస్తాడు. ఆ యంత్రాల ఇబ్బంది ఎప్పుడో తొలగిందనీ, నాడు కేవలం సిద్ధాంతపరంగా ఊహించిన సందు నేడు సులభంగా తెరుచుకుంటున్నదనీ చెప్పి, చివరకు కొత్త పద్ధతిని ప్రతిపాదిస్తాడు.

ఇక్కడ మూడు అంశాలు గమనించదగినవి. మొదటిది, కర్తృత్వం. విఫలమైన ప్రయత్నానికి 'నేను' అని కర్తను చెప్పిన రచయిత, ఆ ప్రయత్నాన్ని రద్దుచేసిన మార్పు దగ్గరకు వచ్చేసరికి ఎవరినీ కర్తగా చెప్పలేదు. అక్కడ వ్యక్తి లేడు, యంత్రాల ఇబ్బంది అనే కారణం మాత్రమే ఉంది. కావలసినవారు గుర్తింపు సంఖ్య ద్వారా పేరు తెలుసుకోవచ్చు. పాఠం మాత్రం నింద మోపదు. సహచరులతో పరుషంగా మాట్లాడే తీరుకు ఇదే రచయిత 2018 సెప్టెంబరులో బహిరంగంగా క్షమాపణ చెప్పి, కొంతకాలం పని నుండి విరామం తీసుకున్నాడు. ఆ నేపథ్యంలో ఈ వాక్యంలోని సంయమనం ప్రత్యేకంగా కనిపిస్తుంది.

రెండవది, విలువ నిర్ణయం. శీర్షికలోనూ వివరణలోనూ రచయిత పాత పద్ధతిని 'ఆటలు' అనే అర్థంలో పేర్కొంటాడు. రాత గుర్తు వంటి మౌలికమైన దానితో ఆటలాడటం తగదన్నది అతని తీర్పు. శుష్కమని భావించే సాంకేతిక గద్యంలో ఒక్క మాటతో విమర్శ చేయవచ్చని దీనివల్ల తెలుస్తుంది.

మూడవది, కాలం. 'నాడు ఆ నిర్ణయం ఎందుకు సరిపోయింది, నేడు ఎందుకు సరిపోదు' అన్న వివేచన ఈ పాఠానికి ప్రాణం. పూర్వులను తప్పుపట్టడంతో సరిపెట్టక, వారి నిర్ణయం వెనుక ఉన్న పరిస్థితి గడిచిపోయిందని చూపడం ఉత్తమ పరిష్కర్త లక్షణం.

5. పరిష్కరణకు పరిష్కరణలు:

2016 పరిష్కారం ఒక కొత్త గుర్తును ప్రవేశపెట్టింది. 'నకలు తీయడం పూర్తయింది' అని ఆ గుర్తు చెబుతుంది. అది ఇంకా చెల్లుతుందో లేదో తెలుసుకోవడానికి పుటకు ఉన్న 'డర్టీ' గుర్తును, అంటే ఆ పుటపై ఏదో రాయబడిందని తెలిపే గుర్తును సాక్ష్యంగా తీసుకుంటుంది. రాయని పుటకు ఆ గుర్తు పడదన్నది ఇందులోని నమ్మకం.

2017 నవంబరులో ఆ నమ్మకం ఒకచోట వీగిపోయింది. పెద్ద పుటలను నిర్వహించే కోడ్, ఎవరూ రాయకపోయినా వాటికి డర్టీ గుర్తు వేస్తున్నదని బయటపడింది. రాసే అభ్యర్థన ఉన్నప్పుడే ఆ గుర్తు వేసేలా దానిని సరిచేశారు. 2022లో, షేర్డ్ మెమరీకి సంబంధించి తరువాత వచ్చిన మరొక మార్పు వల్ల అదే నమ్మకం మళ్ళీ వీగిపోయింది. ఆ ఆగస్టులో డేవిడ్ హిల్డెన్‌బ్రాండ్ రాసిన మార్పు, 2016లో చేర్చిన గుర్తునే పూర్తిగా తొలగించింది. పుటపై రాత పడిందా అన్న పరోక్ష సాక్ష్యానికి బదులు, ఆ పుట ఆ ఒక్క ప్రోగ్రాముకే చెందినదా అన్న ప్రత్యక్ష పరీక్షను నిలిపింది.

ఇక్కడ ఒక విషయం స్పష్టమవుతుంది. 2016 పరిష్కారం శాశ్వతంగా నిలువలేదు. కానీ అది ఏ ఆధారంపై నిలబడిందో ఆ పాఠంలోనే రాసి ఉంది. డర్టీ గుర్తును సాక్ష్యంగా తీసుకుంటున్నామని చెప్పి ఉన్నందువల్లనే, ఆ సాక్ష్యం చెల్లని చోట్లను తరువాతివారు వెతకగలిగారు. పరిష్కర్త నిర్ణయం తప్పు కావచ్చు. నిర్ణయానికి ఆధారం చెప్పి ఉంటే ఆ తప్పును దిద్దే మార్గం కూడా అందులోనే ఉంటుంది.

6. చెప్పని మాట:

ఈ పాఠంలో ఒక గొప్ప లోపం కూడా ఉంది. 2016 సందేశాన్ని ఎంత శ్రద్ధగా చదివినా, ఈ దోషం ద్వారా సాధారణ వినియోగదారుడు యంత్రాన్ని స్వాధీనం చేసుకోగలడన్న మాట కనిపించదు. 2017 సందేశంలోనూ ప్రమాద ప్రస్తావన లేదు. భద్రతా దోషం కూడా మిగిలిన దోషాల వంటిదేననీ, దానికి ప్రత్యేక గౌరవం అవసరం లేదనీ టోర్వాల్డ్స్ 2008 నాటికే బహిరంగంగా వాదించాడు. ప్రమాదాన్ని శీర్షికలో చాటితే దాడిచేసేవారికి దారి చూపినట్లవుతుందన్న వాదన కూడా ఉంది.

ఈ వాదనల్లో కొంత సత్యం ఉన్నా, నష్టపోయేది పాఠకుడే. పాత సంచికను నడుపుతున్న సంస్థలు, ఫోన్ తయారీదారులు వేల మార్పుల్లో దేనిని వెంటనే స్వీకరించాలో ఈ సందేశాలను బట్టే తేల్చుకోవలసి ఉంటుంది. దాడిచేసేవాడు నిపుణుడు, కోడ్ చదివి ప్రమాదాన్ని గ్రహించగలడు. ఆ మౌనం వల్ల అయోమయంలో పడేది సామాన్య నిర్వాహకుడు. 2022 నాటి మార్పు ఈ సంప్రదాయం నుండి పక్కకు జరిగింది. శీర్షికలోనే భద్రతా సమస్య అని పేర్కొంది, డర్టీ కౌ చరిత్రను గుర్తుచేసింది, ఈ గుర్తుల పర్యవసానం అందరికీ వెంటనే తట్టకపోవచ్చునని ఒప్పుకుంది. పాఠకుని దృష్టితో చూస్తే మూడింటిలో ఇదే ఉత్తమం.

2024 ఫిబ్రవరి నుండి కెర్నల్ బృందమే భద్రతా దోషాలకు సివిఇ సంఖ్యలు ఇవ్వడం ప్రారంభించింది. కెర్నల్ స్థాయిలో దాదాపు ఏ దోషమైనా ప్రమాదకారి కావచ్చునన్న సూత్రంతో వేల సంఖ్యలో దోషాలకు సంఖ్యలు లభించాయి. మౌనం పోయింది గాని, దాని స్థానంలో రద్దీ వచ్చింది. అన్నింటినీ గుర్తిస్తే ఏది ముఖ్యమో తెలియదు. సంఖ్య ఇవ్వడం వివరణకు ప్రత్యామ్నాయం కాదు.

7. తెలుగు అక్షరం - మూసిన చరిత్ర:

కెర్నల్‌కు సంబంధించినది కాకపోయినా, పోలికకు ఒక తెలుగు ఉదాహరణ అవసరం. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞ' అనే సంయుక్తాక్షరానికీ దీర్ఘపు గుర్తుకూ మధ్య కంటికి కనిపించని ఒక సంకేతం చేరిన వరుస, ఐఫోన్లలో అనేక యాప్‌లను నిలిపివేసింది. అక్షరాలను తెరపై అమర్చే భాగంలో దోషం ఉంది. ఆ నెల 19న వెలువడిన ఐఓఎస్ 11.2.6 దానిని సరిచేసింది. విడుదల వివరణలో కొన్ని అక్షరాల వరుసల వల్ల సమస్య వచ్చిందన్న అర్థం తప్ప తెలుగు పేరు లేదు. భద్రతా ప్రకటనలో జ్ఞాపకశక్తి దోషాన్ని మెరుగైన పరిశీలనతో సరిచేశామన్న సూచన మాత్రమే ఉంది. మన లిపి నిర్మాణంలోని ఏ అంశాన్ని ఆ ప్రోగ్రాము తప్పుగా అర్థం చేసుకుందో ఆ ప్రకటనల వల్ల తెలియదు. లిపి శాస్త్రజ్ఞులకు, ఫాంట్ రూపకర్తలకు ఉపయోగపడవలసిన పాఠం అక్కడే ఆగిపోయింది. లినక్స్ సందేశాల్లో లోపాలున్నా, వాటిపై విమర్శ చేయగలుగుతున్నామంటే అవి మన ముందు ఉన్నందువల్లనే.

8. ముగింపు:

సి.పి. బ్రౌన్ ఒకే కావ్యానికి అనేక ప్రతులు సేకరించి, పండితుల చేత సరిపోల్పించి శుద్ధప్రతులు రాయించాడు. ఆ ప్రతులు మిగిలి ఉన్నందువల్ల ఆ పనిని నేటికీ పరీక్షించవచ్చు. ఆధారం చూపకుండా పాఠాన్ని దిద్దిన చోట ఆ అవకాశం లేదు. తెలుగు గ్రంథాలు నేడు వేగంగా డిజిటల్ రూపంలోకి మారుతున్నాయి. టైపు చేసేటప్పుడు, అచ్చుతప్పులు దిద్దేటప్పుడు ఒక అరసున్న పోవచ్చు, ఒక పాఠాంతరం శుద్ధపాఠంగా స్థిరపడవచ్చు. ఏది, ఎప్పుడు, ఎందుకు మారిందో నమోదు కాకపోతే, తరువాతి పరిశోధకునికి దోషమూ కనిపించదు, దానిని దిద్దే ఆధారమూ దొరకదు.

కెర్నల్ మార్పు వివరణల నుండి తెలుగు పరిష్కరణ స్వీకరించదగినవి రెండు ఉన్నాయి. ప్రతి మార్పుకూ కారణం రాయడం మొదటిది. పూర్వ పాఠాన్ని పేరుతో చూపి, అది నిలిచిన పరిస్థితిని వివరించడం రెండవది. విడిచిపెట్టవలసినది ఒకటుంది. ప్రమాదం తెలిసి కూడా పాఠకునికి చెప్పకుండా ఉండే మౌనం అది. పరిష్కర్త తన తరువాతి పరిష్కర్తకు ఎంత బాధ్యుడో, తన పాఠకునికీ అంతే బాధ్యుడు.