తిరుమల రాళ్ళు, వేంపల్లె పాచి

తిరుమల కొండలను గూర్చిన వ్యాసములలో రెండు మాటలు తరచుగా కనిపించును. శిలాతోరణము కోట్ల ఏండ్ల నాటిదనుట ఒకటి. ఈ రాళ్ళ కాలమున భూమిపై శైవలములు మాత్రమే ఉండెననుట రెండవది. మొదటిది సగము సత్యము. రెండవదానిలోని పొరపాటు చూచుటకు చిన్నదే గాని, జీవపరిణామ కథలో అతి ముఖ్యమైన ఘట్టమును అది మ్రింగివేయుచున్నది.

మొదటిదానిని త్వరగా ముగింతము. ఆ వయస్సు రాతిది, తోరణముది కాదు. గాలియు వాననీరును బలహీనమైన భాగములను తొలిచివేయగా మిగిలిన ఆకారమది. నిన్న కట్టిన ఇంటికి ఇటుకలోని మన్ను వయస్సును లెక్కకట్టినట్లున్నది ఈ లెక్క.

రెండవదానికి ఘాట్ రోడ్డు దగ్గరకు పోవలెను. 2022 వరకు చిత్తూరు జిల్లాలో ఉండి, ఇప్పుడు తిరుపతి జిల్లాలో చేరిన ఈ కొండదారి ప్రక్కన, భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ జాతీయ స్మారకముగా ప్రకటించిన చోటొకటి కలదు. దానిని ఎపార్కియన్ అన్‌కన్‌ఫార్మిటీ అందురు. క్రింద గ్రానైట్ జాతి రాయి. దాని వయస్సు 250 కోట్ల ఏండ్లకు సమీపము. దానిపై పొరలు పొరలుగా నగరి పేరు గల క్వార్ట్‌జైటు. దీనికి సాధారణముగా ఇచ్చు వయస్సు 160 నుండి 170 కోట్ల ఏండ్లు. రెంటి నడుమ ఉన్నది ఒక గీత మాత్రమే. ఆ గీతలో సుమారు 80 కోట్ల ఏండ్లు లోపించినవి. పుస్తకములో నడిమి పుటలు చినిగిపోయి, ముందు పుటయు వెనుక పుటయు అంటుకొన్నట్లున్నది. బస్సులలో కొండకెక్కువారు ఆ గీతను దాటియే పోవుచున్నారు.

లోపించిన పుటలలో ఏమున్నదని మన వ్యాసకర్తలు అడుగరు. వాయుమండలమున ప్రాణవాయువు మొదటిసారి చెప్పుకోదగినంతగా చేరుట మొదలైనది సుమారు 240 కోట్ల ఏండ్ల క్రిందట. కేంద్రకము గల కణము అవతరించినదని ఎక్కువమంది తలచునదియు ఈ ఎడములోనే. పైనున్న క్వార్ట్‌జైటును పరీక్షించి లాభము తక్కువ. అది గట్టిపడిన ఇసుక. అందులో అలల గుర్తులు నిలుచును గాని మెత్తని కణములు నిలుచుట దుర్లభము.

చినిగిన పుటలలో కొన్ని కడప జిల్లాలో దొరకును. విలియం కింగ్ 1872లో కడప, కర్నూలు శిలలపై ప్రకటించిన గ్రంథములో పాపాఘ్ని అని పేరిడిన పొరలున్నవి. వేంపల్లె డోలమైటు ఆ వర్గములోనిదే. (తుమ్మలపల్లె యురేనియము గనియు ఈ రాతిలోనిదే, దానికి దొరికిన ప్రచారము దీని జీవచరిత్రకు దొరకలేదు.) వేంపల్లె రాతిని కోసి చూచిన, ఉల్లిగడ్డను కోసినట్లు పొరమీద పొర కనబడును. వీనిని స్ట్రోమటొలైట్లు అందురు. లోతు తక్కువ సముద్రపుటడుగున జిగురు పాచి చాపవలె పరచుకొనెను. దానిపై సన్నని బురద పేరుకొనగా, పాచి వెలుతురుకై పైకి ప్రాకి మరల ఒక చాప పరచెను. ఇట్లు వేల పర్యాయములు జరిగి గుమ్మటములు లేచినవి. ఈ రాతికి పైనున్న పొరలలోనికి చొచ్చుకొని వచ్చిన పులివెందుల అగ్నిశిల వయస్సు సుమారు 188 కోట్ల ఏండ్లని తేలినది. కావున పాచి అంతకు ముందుదే. 1978లో షాఫ్, ప్రసాద్ అను శాస్త్రజ్ఞులు వేంపల్లె స్ట్రోమటొలైట్లలోని సూక్ష్మశిలాజములను వర్ణించిరి.

ఈ పాచిని కట్టిన జీవులను మన పాఠ్యపుస్తకములు చిరకాలము “నీలి ఆకుపచ్చ శైవలములు” అని పిలిచినవి. చిక్కు ఇక్కడనే ఉన్నది. ఇవి బాక్టీరియాలు, వీనికి కేంద్రకము లేదు. ఎరుపు, ఆకుపచ్చ శైవలములకు కేంద్రకము కలదు. అంతేగాక, వానిలోని హరితరేణువు ఒకప్పుడు స్వతంత్రముగా బ్రదికిన నీలి ఆకుపచ్చ బాక్టీరియా సంతతి. వేరొక కణము దానిని మ్రింగి, అరిగించుకొనక, తనలో నిలుపుకొన్నది. భూమిమీది చెట్టుచేమలన్నిటికి మూలము ఈ సంఘటనయే. రెంటికిని ఒకే పేరు పెట్టినచో విద్యార్థికి ఈ కథ ఎట్లు వినబడును? “శైవలము శైవలమును మ్రింగి శైవలమైనది” అని! పల్లెజనులు పాచి అనుమాటను అన్నిటికిని వాడుదురు. ఆ మాట రూపమునే చెప్పును గాని వంశమును చెప్పదు గనుక హాని లేదు. శాస్త్రపదమునకు ఆ వెసులుబాటు ఇవ్వరాదు.

అసలైన శైవలము కొరకు చిత్రకూటము వరకు పోవలసి యున్నది. వింధ్య శిలలలో శిలాజములున్నవని 1998లో రఫత్ అజ్మీ ప్రకటించి, వానిని కేంబ్రియన్ యుగమునకు దగ్గరివిగా తలచెను. వివాదము రేగినది. 2009లో స్టెఫాన్ బెంగ్ట్‌సన్ బృందము శిలాజములు నిజమైనవేయని, వయస్సు మాత్రము సుమారు 165 కోట్ల ఏండ్లని చూపెను. 2017లో అదే బృందము ఎక్స్‌రేలతో లోపలి నిర్మాణమును పరిశీలించి, రెండింటిని ఎరుపు శైవలములుగా వర్ణించినది. పోగువంటి దానికి అజ్మీ పేర రఫతాజ్మియా అనియు, కండగల దానికి రాముని పేర రామథాలస్ అనియు నామకరణము చేసిరి. తిరుమల ఇసుక పేరుకొన్న కాలమునకు ఇవి ఇంచుమించు సమకాలికములు.

అంత మాత్రమున సంతోషపడి చప్పట్లు కొట్టుట తొందరపాటగును. రఫతాజ్మియా కణముల నడుమ కనబడు బిళ్ళవంటి వస్తువు పైరినాయిడ్ అనుకొన్నప్పుడే ఎరుపు శైవల వాదమునకు బలము. సందేహము తక్కువగా అంగీకరింపబడిన ఎరుపు శైవలము కెనడాలోని బాంజియోమార్ఫా. దాని వయస్సు సుమారు 105 కోట్ల ఏండ్లు. నడుమ దాదాపు 60 కోట్ల ఏండ్ల మౌనమున్నది. 2024లో చైనా నుండి 163 కోట్ల ఏండ్ల నాటి బహుకణ పోగులు వర్ణింపబడినందున, అంత పూర్వమే కేంద్రకము గల కణములు వరుసకట్టినవను భాగము బలపడినది. ఎరుపు రంగు సంగతి ఇంకను వాదమే. ఆకారమును మాత్రమే నమ్మిన ఏమగునో భీంబేట్కా చూపినది. అచ్చట 2021లో ప్రాచీన జంతువు డికిన్సోనియా ముద్రగా ప్రకటించినది, శిథిలమైన తేనెపట్టు గుర్తని 2023లో తేలినది.

మన పాఠములలో “శైవలములు” అని యున్నచోట వేంపల్లెకు బాక్టీరియా అనియు, చిత్రకూటమునకు శైవలము అనియు వేరుచేసి వ్రాయుటకు రెండు పంక్తులు చాలును. ఘాట్ రోడ్డు గీత దగ్గర నునుపు చేసిన వేంపల్లె రాతిముక్క నొకదానిని ఉంచినయెడల, ఆ గీతలో లోపించిన కాలము నాటి పాచి పొరలను యాత్రికుడు వ్రేలితో తడవి చూడగలడు.