పొరుగునుండి వచ్చిన పేర్లు: మూడు నామకరణముల పరిశీలనము

మగబిడ్డకు ఇతరులెవ్వరికిని లేని పేరు పెట్టవలెనను కోరిక నేటిది కాదు. కాని పేరు వింతయగుటకు గల కారణము కాలమునుబట్టి మారినది. నేడు పలువురు తల్లిదండ్రులు పేరును ధ్వనికై ఎన్నుకొనుచున్నారు. పూర్వము వింతపేరు వెనుక ఒక మ్రొక్కో, ఒక భక్తియో, ఒక భయమో ఉండెడిది. తెలుగువారు తరతరములుగా నివసించుచున్న కన్నడ, తమిళ, ఒడియా ప్రాంతములనుండి ఒక్కొక్క పేరును గైకొని పరిశీలించినచో ఈ భేదము స్పష్టపడును.

మొదటిది బసవ నామము. పాల్కురికి సోమనాథుని బసవపురాణమున మాదాంబ సంతానార్థినియై నందీశ్వరు నారాధించును. ఆయన యనుగ్రహమున కలిగిన బిడ్డకు ఆయన పేరే నిలిచినది. వృషభ శబ్దమునకు బసవ తద్భవము. బ్రాహ్మణగృహమున పుట్టిన బిడ్డకు ఎద్దు అను అర్థమిచ్చు దేశిరూపము పేరగుట గమనింపదగినది. జానుతెనుగును, ద్విపదను ఆదరించిన సోమనాథుడు కావ్యమునకును ఆ తద్భవమునే ఉంచెను. కవి భాషాభిరుచియు నాయకుని నామమును ఇచట ఒక్క దారినే నడచినవి. 1369లో భీమకవి ఈ కావ్యమును కన్నడమున రచించెను. కన్నడనాటి పేరు తెలుగుకావ్యమై మరల కన్నడమునకు చేరినది. తెలుగిండ్లలో బసవయ్య, బసవమ్మ, బసవరాజు అను పేర్లు వాడుకయైనవి.

రెండవది మన్నారు నామము. తంజావూరు నాయకరాజు విజయరాఘవుని కుమారుడు మన్నారుదేవుడు. మన్నారుగుడి రాజగోపాలస్వామికి మన్నారు అనునది తమిళనాట వ్యవహారనామము. తెలుగుచెవికి ఈ శబ్దమున మన్ను తప్ప వేరొక యర్థము తోచదు. అయినను ఆ తెలుగు రాజకుటుంబము ఇష్టదైవమును పొరుగువారు పిలిచిన పేరుతోనే బిడ్డను పిలుచుకొన్నది. ఆ బిడ్డ పెరిగి ‘హేమాబ్జనాయికా స్వయంవరము’ అను యక్షగానమున ఆ స్వామి పెండ్లికథను తెలుగున రచించెను. తండ్రి యిచ్చిన పేరునకు కుమారుడు వ్రాసిన వ్యాఖ్యానముగా ఆ కృతిని చదువవచ్చును. 1673లో విజయరాఘవుని యేలుబడి ముగిసినను కృతి నిలిచినది.

మూడవది ఫకీర్‌మోహన్ సేనాపతి నామము. 1843లో బాలేశ్వరమున జన్మించిన ఈ ఒడియా రచయిత తొలిపేరు వ్రజమోహనుడు. శైశవముననే తల్లిదండ్రులను కోల్పోయి, రోగపీడితుడైన మనుమనికై నాయనమ్మ పీరులకు మ్రొక్కుకొన్నది. బిడ్డ కోలుకొనగా పేరు మారినది. మొహర్రము దినములలో ఆమె అతనికి ఫకీరువేషము వేయించెడిది. మహారచయితయైన పిదపను ఆయన ఆ పేరును విడువలేదు. తెలుగునాట బిడ్డలు దక్కని యింట పెంటయ్య, పుల్లయ్య అని పేరిడుటయు, నాగూరు, కసుమూరు దర్గాలకు మ్రొక్కి నాగూరయ్య, మస్తానయ్య అని పిలుచుటయు ఈ కోవకే చెందును.

ఈ మూడింటను వింతదనము పొరుగునుండి వచ్చినది. స్థిరత్వము కథవలన కలిగినది. నేటి యెన్నికలో వింతదనమే మిగిలి, కథ జారిపోవుచున్నది. సంస్కృతమువలె వినబడుచు ఏ ధాతువునకును చెందని పేర్లు వచ్చుచున్నవి. క్రొత్తపేరు నింద్యమని దీని భావము కాదు. ఇతర లిపులలో చెడని పేరును వెదకు తల్లిదండ్రుల యోచన కూడ సమంజసమే. తమిళలిపిలో ప, బ, భలకు ఒక్కటే అక్షరము. ‘భాను’ అని పెట్టిన పేరు ‘పాను’ అని చదువబడవచ్చును. ఒడియా ఉచ్చారణలో అకారము ఒకారమువలె వినబడును. కాని అన్ని లిపులలో ఇముడుటయే పేరునకు గుణమైనచో, ఆ బిడ్డకు చెప్పుకొనుటకు ఏమి మిగులును?

తెలుగు బోధన లేని బడికి పోవు పిల్లవానికి తన పేరే నిత్యము వ్రాయు తెలుగు మాట. దానినైనను అన్యలిపిలోనే వ్రాయును. నామకరణమునాడు తండ్రి పళ్ళెములోని బియ్యముపై ఉంగరముతో పేరు వ్రాయుట ఆచారము. ఆ యక్షరములు తెలుగువి కాని యిండ్లు ఇప్పటికే కలవు. కావున పేరు ఎంత క్రొత్తదైనను, దానిని పెట్టిన కారణమును నాలుగు వాక్యములలో తెలుగున వ్రాసి, బిడ్డ జాతకముతోపాటు దాచియుంచుట మేలు. పెద్దవాడైన పిదప చదివించుకొనుటకైనను అతడు తెలుగెరిగిన వారి నొకరిని వెదకికొనును. ప్రవాసాంధ్ర కుటుంబములు ఈ విషయమును గమనించునుగాక!