రామదాసు మాట, బాలమురళి గొంతు

రామదాసు కీర్తన తెలుగువాళ్లలో ఎవరికైనా నోటికి వస్తుంది. సంగీతం నేర్వని అమ్మమ్మలు పూజ గదిలో పాడుకుంటారు. భజన మండళ్లవారు చిరుతలు, తాళాలు పట్టుకుని తెల్లవార్లూ పాడతారు. బడిపిల్లలు పోటీల్లో పాడి బహుమతులు తెచ్చుకుంటారు. ఇంత తేలిగ్గా వచ్చే పాట కనుకనే, గొప్ప విద్యగా దాన్ని లెక్కపెట్టడం మనకు అలవాటు కాలేదు. కచేరీలో పెద్ద కృతులన్నీ అయ్యాక, చివర్లో పాడే చిన్న పాటల వరసలో దాన్ని కూర్చోబెట్టాం.

అందరికీ వచ్చిన పాటను అందరూ ఆగి వినేలా పాడడం గాయకుడికి అసలైన పరీక్ష అని నేను నమ్ముతాను. ఆ పరీక్షలో డాక్టర్ మంగళంపల్లి బాలమురళీకృష్ణ నెగ్గిన తీరు తెలుగు సంగీతంలో ఒక పాఠంగా నిలవదగ్గది. కచేరీ వేదిక మీదా సినిమా నేపథ్యగానంలోనూ జాతీయ కీర్తి పొందిన ఆ గొంతు, రామదాసు దగ్గరికి వచ్చేసరికి ఏం చేసింది, ఏం చేయకుండా ఆగింది అన్నది తెలుసుకుంటే ఈ సంప్రదాయం విలువ తెలుస్తుంది.

అడవి అంచున పుట్టిన పాట

ఖమ్మానికి దక్షిణాన నేలకొండపల్లి, రామదాసుగా పేరుపడ్డ కంచర్ల గోపన్న సొంతూరు. గోల్కొండ ఏలుబడిలో పాల్వంచ పరగణాకు అతడు తహసీల్దారు. పాల్వంచ నుంచి అడవిలో సాగిపోతే గోదావరి, అవతలి గట్టున భద్రగిరి, అంటే భద్రాచలం. నదికి ఎగువన పర్ణశాల. భద్రగిరి మీది రాముడి విగ్రహాలను మొదట కనుగొని, పందిరి వేసి, అడవి పండ్లు నైవేద్యం పెట్టింది పోకల దమ్మక్క అనే గిరిజన భక్తురాలని స్థలపురాణం చెబుతుంది. ఆ పందిరి ఉన్నచోట గోపన్న గుడి కట్టించాడు. సర్కారుకు చేరవలసిన శిస్తు సొమ్ము గుడికీ నగలకూ ఖర్చుపెట్టాడన్న నేరం మీద సుల్తాను అబుల్ హసన్ తానీషా అతణ్ణి గోల్కొండ కోటలో ఖైదు చేయించాడు. తానీషా ఏలింది 1672 నుంచి 1687 దాకా. పన్నెండేళ్ల చెర అని జనశ్రుతి. రామలక్ష్మణులే మారువేషంలో వచ్చి బాకీ తీర్చి భక్తుణ్ణి విడిపించారన్న కథ తెలుగునాట తెలియనివారు లేరు.

ఈ కథ పాట కట్టుబడిలోనే ఉంది. రామదాసు దేవుణ్ణి దూరం నుంచి స్తుతించే కవి కాడు. ఎదురుగా నిలబెట్టి అడుగుతాడు, అలుగుతాడు, లెక్కలు చెబుతాడు. మాట వినకపోతే సీతమ్మ దగ్గరికి వెళ్లి సిఫారసు చేయమంటాడు. కోపంలో నోరు జారితే వెంటనే క్షమించమంటాడు. ఇది ఇంట్లోవాళ్లతో మాట్లాడే తీరు. కాబట్టి రామదాసు కీర్తన పాడేవాడు ముందు మాట్లాడటం తెలిసినవాడై ఉండాలి. రాగం ఎంత తెలిసినా, మాట పలకకపోతే ఆ పాట నిలవదు.

కట్టుబడి సాదా, నడక కష్టం

కీర్తన నిర్మాణం చూస్తే చాలా సాదాగా ఉంటుంది. ఒక పల్లవి, ఒక్కోసారి అనుపల్లవి, ఆ తర్వాత వరసగా చరణాలు. చరణాలన్నిటికీ సాధారణంగా ఒకే వరుస. త్యాగరాజస్వామి కృతిలో పల్లవి ఒక్కో సంగతితో పెరుగుతూ పోతుంది. రాగమే కొత్త కొత్త దారులు చూపించి శ్రోతను నడిపిస్తుంది. రామదాసు కీర్తనలో ఆ ఆసరా ఉండదు. ఐదారు చరణాలు ఒకే వరుసలో వచ్చినప్పుడు, వినేవాడికి విసుగు రాకుండా కాపాడవలసింది అర్థమే. గాయకుడు ప్రతి చరణంలోని భావాన్ని వేరుగా పట్టుకుని, అదే వరుసలో వేరే బరువుతో పలకాలి.

భజన గోష్ఠిలో ఈ పని పదిమంది పంచుకుంటారు. ముందు కూర్చున్నవారు ఒక పాదం అంటే వెనకవాళ్లు అందుకుంటారు. పల్లవి తిరిగి వచ్చేసరికి తాళం నడక హెచ్చుతుంది, చప్పట్లు కలుస్తాయి. ఆ ఊపులో ఒక్కొక్కరి గొంతులోని లోపం కొట్టుకుపోతుంది. తమిళనాడులో వేళ్లూనుకున్న సంప్రదాయ భజన పద్ధతిలో కూడా జయదేవుడు, నారాయణ తీర్థులు, సదాశివ బ్రహ్మేంద్రుల సరసన భద్రాచల రామదాసు కీర్తనలకు స్థానం ఉంది. తెలుగు రానివారు కూడా తరతరాలుగా వీటిని పాడుకుంటూ వచ్చారు. త్యాగరాజస్వామి అంతటివారు తమ దేవగాంధారి కృతిలో రామదాసు చెర విడిపించిన సంగతి తలుచుకున్నారు.

అయితే గోపన్న స్వయంగా పాడిన వరుసలు స్వరలిపిలో మనకు దక్కలేదు. నోటి నుంచి నోటికి వచ్చిన పాట ఊరూరా కొంత మారింది. ఒకే కీర్తన రెండు మూడు రాగాల్లో వినిపించడం ఇందుకే. గోష్ఠి లేకుండా, ఒంటరి గొంతుతో, ఒక రికార్డులో ఈ పాట నిలవాలంటే ఎవరో ఒకరు వరుసకు రూపం ఇవ్వాలి, మాటకు చోటు ఇవ్వాలి. ఆ పని రేడియో కాలంలో జరిగింది.

రేడియో గదిలో

బాలమురళి 1930 జూలై 6న కోనసీమలోని శంకరగుప్తంలో పుట్టారు. తల్లి సూర్యకాంతమ్మ వీణ వాయించేవారు. బిడ్డ పుట్టిన కొద్ది రోజులకే కన్నుమూశారు. తండ్రి పట్టాభిరామయ్య సంగీత విద్వాంసులు. గురువు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు. త్యాగరాజస్వామి, మానాంబుచావడి వెంకటసుబ్బయ్య, సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి, పారుపల్లి పంతులు, ఆ తర్వాత బాలమురళి: శిష్యపరంపరలో ఐదో తరం. ఎనిమిదేళ్ల వయసులో విజయవాడలో కచేరీ చేసి పెద్దలను నిలబెట్టిన పిల్లవాడు, కౌమారం దాటకముందే 72 మేళకర్త రాగాల్లోనూ కృతులు రాశారు. తర్వాత మహతి, లవంగి వంటి కొత్త రాగాలు కల్పించారు. మూడు స్థాయిలలో అలవోకగా తిరిగే గొంతు ఆయనది.

విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. పొద్దున్నే వచ్చే భక్తిరంజని కార్యక్రమాన్ని తీర్చిదిద్దినవారిలో బాలమురళి ముఖ్యులు. రామదాసు కీర్తనలు, తరంగాలు, తత్త్వాలు, అన్నమయ్య పదాలు ఆ కార్యక్రమం ద్వారానే ఇళ్లలోకి వచ్చాయి. శ్రీరంగం గోపాలరత్నం వంటి గొప్ప గొంతులు కూడా ఆ కాలంలోనే అక్కడ వికసించాయి. భద్రాచలం అప్పటికి తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. 1959లో ఖమ్మం జిల్లాలో కలిసింది. జిల్లా ఏదైనా, గోదావరికి అటూ ఇటూ ఉన్న పల్లెల్లో పొద్దుటి పాట ఒక్కటే అయింది.

మైకు ముందు పాడటంలో ఒక సుగుణం ఉంది. గుడి మంటపంలో చివరివాడికి వినపడాలని గొంతెత్తవలసిన పని లేదు. పక్కన కూర్చున్నవారితో మాట్లాడినంత మెల్లగా పాడినా చాలు. రామదాసు మాటకు ఇది సరిగ్గా సరిపోయింది. బాలమురళి గొంతు దించి పాడారు. పదం మొదటి అక్షరాన్ని నొక్కకుండా, చివరి అచ్చును మింగకుండా, ఒత్తులు స్పష్టంగా వినపడేలా పలికారు. ఊపిరి తీసుకునే చోటు తాళం కోసం చూసుకోలేదు, అర్థం కోసం చూసుకున్నారు. వాక్యం పూర్తయ్యాకే విరామం. సంబోధన దగ్గర గొంతు కాస్త సాగుతుంది, ఫిర్యాదు దగ్గర తగ్గుతుంది. తన గొంతుకు సులువైన వేగపు సంగతులను ఆయన ఇక్కడ చాలావరకు పక్కన పెట్టారు. చేతనైనదాన్ని చేయకుండా ఆగడం ఈ విద్యలో అతి కష్టమైన భాగం.

ఆనందభైరవి అలక

పలుకే బంగారమాయెనా కీర్తనను ఉదాహరణగా తీసుకుందాం. రాముడు మాట్లాడటం లేదన్నది భక్తుడి అలక. రాగం ఆనందభైరవి. తెలుగువాళ్ల జోలపాటల్లో, మంగళహారతుల్లో, కూచిపూడి పాటల్లో నాటుకుపోయిన రాగం అది. దాని ఆరోహణ స గ రి గ మ ప ద ప స. స్వరాలు వరసగా పైకి పోవు. అమ్మ పిలుస్తుందేమోనని వెనక్కి చూసుకుంటూ నడిచే పిల్లవాడిలా, ఒక అడుగు వేసి మళ్లీ వెనక స్వరాన్ని తాకి ముందుకు వెళతాయి. అలిగినవాడి నడక కూడా అదే. గాంధారాన్ని తొందరగా వదిలేస్తే రాగం పోతుంది, ఎక్కువగా ఊపితే ఏడుపు అవుతుంది. బాలమురళి ఆ స్వరాన్ని నిదానంగా, తక్కువ కదలికతో పట్టుకుని, దాని మీద మాటను నిలబెట్టారు.

చరణాల్లో భక్తుడు సాక్ష్యాలు తెస్తాడు. ఇసుకలో పొర్లిన ఉడుతను కరుణించావు, రాయిని ఆడదాన్ని చేశావు, మరి నా సంగతేమిటి అని అడుగుతాడు. వరుస మారదు. ఉడుత దగ్గర ముద్దు, రాయి దగ్గర ఆశ్చర్యం, తన దగ్గరికి వచ్చేసరికి దీనత్వం. ఈ మూడు తేడాలూ ఒకే వరుసలో వినపడితేనే పాట పాడినట్టు.

ఇంకా కఠినమైన పరీక్ష ఇక్ష్వాకు కులతిలకుణ్ణి పిలిచే కీర్తన. గుడికీ నగలకూ చేసిన ఖర్చుల పద్దు అది. సీతమ్మకు చేయించిన చింతాకు పతకం, రాముడికి కలికితురాయి, తమ్ముళ్లకు చేయించిన ఆభరణాలు, వాటికి అయిన వరహాలు, మొహరీలు. ఒక ఉద్యోగి పై అధికారికి లెక్క అప్పగిస్తున్నట్టు మొదలై, ఎవడబ్బ సొమ్మని అడిగేదాకా వెళ్లి, దెబ్బలకు తాళలేక తిట్టానని ఒప్పుకోవడంతో చల్లారుతుంది. లెక్క చదవడం, నిలదీయడం, లొంగిపోవడం అన్నీ ఒక్క వరుసలోనే. నాటకంలా అరిస్తే భక్తి పోతుంది, మెత్తగా పాడితే బాధ పోతుంది. బాలమురళి రికార్డులో కోపం గొంతు హెచ్చడం వల్ల రాదు, మాటను కాస్త బిగించి పలకడం వల్ల వస్తుంది.

తెర వెనక గొంతు

నేపథ్యగానం అంటే మరొకరి ముఖానికి గొంతు ఇవ్వడం. రామదాసు కీర్తన కూడా అలాంటిదే. చెరలో ఉన్న ఒక మనిషి బాధకు మూడొందల ఏళ్ల తర్వాత గొంతు ఇవ్వాలి. అందుకే సినిమా గాయకులకు ఈ కీర్తనలతో అంత చెలిమి కుదిరింది.

చిత్తూరు నాగయ్య 1964లో తీసిన రామదాసు చిత్రం ఈ దారిలో పెద్ద అడుగు. దర్శకత్వం, ప్రధానపాత్ర ఆయనవే. త్యాగయ్య, యోగి వేమన చిత్రాల నాటి నుంచే పాటను మాటలా పలికే పద్ధతి నాగయ్యది. రామదాసు చిత్రంలో కబీరు పాత్రకు మహమ్మద్ రఫీ పాడారు. 1973లో బాపు రమణల అందాల రాముడు వచ్చింది. రాజమండ్రి నుంచి భద్రాచలానికి గోదావరి మీద లాంచీలో సాగే కథ. అందులో ఆనందభైరవి అలకను బాలమురళి చేతే పాడించారు. ప్రయాణంలో ఉన్న మామూలు జనం మధ్య ఆ కీర్తన సహజంగా ఇమిడిపోయింది. 2006లో కె. రాఘవేంద్రరావు శ్రీరామదాసుకు కీరవాణి సంగీతం, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గొంతు. నటుడి వయసుకూ స్వభావానికీ తగ్గట్టు గొంతు మార్చడంలో బాలుగారిది ప్రత్యేక నేర్పు. కొత్త తరం పిల్లలకు రామదాసు కథ ఆ గొంతుతోనే పరిచయమైంది.

బాలమురళి సినిమా పాటలు పక్కపక్కన పెట్టి వింటే ఆయన నిగ్రహం తెలుస్తుంది. 1963 నాటి నర్తనశాలలో సినీ సంగీత దర్శకుడు సుసర్ల దక్షిణామూర్తి స్వరపరచిన బృహన్నల పాటలో గొంతు నాట్యం చేస్తుంది. అక్కడ పాత్ర నాట్యాచార్యుడు కాబట్టి అది న్యాయం. 1975 నాటి కన్నడ చిత్రం హంసగీతెకు ఆయనకు ఉత్తమ నేపథ్య గాయకుడిగా జాతీయ పురస్కారం వచ్చింది. ఒక సంగీత విద్వాంసుడి జీవితకథ అది, విద్వత్తు చూపవలసిన చోటు. 1979 నాటి గుప్పెడు మనసులో మూగమనసును పలకరించే పాట దగ్గర ఆయన మళ్లీ గొంతు దించారు. ఎక్కడ చూపాలి, ఎక్కడ దాచాలి అన్న విచక్షణ ఆయన సినిమాలోనూ పాటించారు, కీర్తనలోనూ పాటించారు. 1991లో పద్మవిభూషణ్ వచ్చింది. 2016 నవంబరు 22న చెన్నైలో కన్నుమూశారు.

ఈ విద్య ఎందుకు నిలవాలి

మాట ముందు, రాగం వెనక అన్న సూత్రం ఈ భద్రాచలం అడవి అంచుకు కొత్త కాదు. మణుగూరు ప్రాంతపు కోయ డోలు కళాకారుడు సకిని రామచంద్రయ్య సమ్మక్క సారలమ్మల కథలు, కోయల వంశగాథలు డోలు వాయిస్తూ పాడి 2022లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన పాటలో రాగం కథను మోసే వాహనం. పేర్లు, వంశాలు, ఊళ్లు ఒక్కటి తప్పకుండా వినేవారికి అందాలి. గుడి కీర్తనకూ గూడెం గాథకూ భాషలు వేరు, దేవతలు వేరు. గాయకుడి ధర్మం ఒక్కటే.

భద్రాచలంలో ఏటా రామదాసు జయంతి సందర్భంగా వాగ్గేయకార ఉత్సవాలు జరుగుతాయి. విద్వాంసులంతా కలిసి నవరత్న కీర్తనలు గోష్ఠిగా పాడతారు. అది మంచి ఆచారం. కానీ ఇవాళ పోటీల్లోనూ టీవీ వేదికల మీదా ఈ కీర్తనలకు జరుగుతున్నది చూస్తే బాధ కలుగుతుంది. హోరెత్తే వాద్యాల మధ్య మాట వినపడదు. పిల్లలు చరణాలు తగ్గించి స్వరకల్పనలు పెంచుతున్నారు. నగల పద్దులో రెండు నగలు వదిలేస్తే ఆ కోపానికి కారణమే పోతుందని వాళ్లకు చెప్పేవారు కావాలి.

నేర్పేవారికి నాదొక విన్నపం. పాట మొదలుపెట్టే ముందు సాహిత్యాన్ని పిల్లల చేత మామూలు మాటలా గట్టిగా చదివించండి. ఎవరు ఎవరితో అంటున్నారు, ఎందుకంటున్నారు అని అడగండి. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో అర్థాన్ని బట్టి గుర్తు పెట్టించండి. ఆ తర్వాతే శ్రుతిపెట్టె మీట నొక్కండి. చరణాలన్నీ పాడించండి. రామదాసు కీర్తనను మొదటి ఏడాది తేలిక పాఠంగా నేర్పి వదిలేయకుండా, చివరి ఏడాది పరీక్షలో కూడా పెట్టండి. స్వరకల్పనలూ తానాలూ వచ్చినవాడు వాటన్నిటినీ పక్కన పెట్టి ఒక్క అలకను నమ్మేలా పాడగలిగితే, అప్పుడు అతణ్ణి గాయకుడనవచ్చు. బాలమురళి ఆ పరీక్ష రాసి చూపించారు. ఆయన రికార్డులు మన దగ్గరే ఉన్నాయి. ఇక నేర్చుకోవలసింది మనం.