వీధిని కొలవడానికి వెడల్పు ఒక్కటే చాలుతుందా?

నగర రవాణా ప్రణాళికలో వీధుల వర్గీకరణను గత భాగంలో చదివారు. ఆ వర్గీకరణ మన ఊళ్లకు ఎంతవరకు పనికివస్తుందో ఇప్పుడు ఆదిభట్ల ఉదాహరణతో పరిశీలిద్దాం.

ముందుగా ప్రమాణాలను గుర్తుచేసుకోండి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1977 నాటి 69వ ప్రమాణ పత్రంలో నగర మార్గాలను నాలుగు తరగతులుగా విభజించింది. ఆర్టీరియల్ రోడ్డుకు 50–60 మీటర్లు, సబ్ ఆర్టీరియల్‌కు 30–40, కలెక్టర్ రోడ్డుకు 20–30, స్థానిక వీధికి 10–20 మీటర్ల స్థలం ఉండాలని సూచించింది. 1983 నాటి 86వ పత్రం వీటికి వరుసగా గంటకు 80, 60, 50, 30 కిలోమీటర్ల వేగాన్ని ఆధారంగా తీసుకుంది.

ఈ వర్గీకరణ వెనుక ఉన్న ఆలోచన మంచిదే. 1963లో బ్రిటన్‌లో కాలిన్ బుకానన్ నివేదిక నగరాన్ని ఒక భవనంతో పోల్చింది. రాకపోకలు నడవాల గుండా సాగితేనే గదుల్లో ప్రశాంతత ఉంటుంది. అలాగే దూరం వెళ్లే వాహనాలు పెద్ద మార్గాల్లోనే సాగిపోవాలి, ఇళ్లున్న వీధుల్లోకి రాకూడదు.

ఇక ఆదిభట్లకు వద్దాం. ఒకప్పటి ఈ గ్రామం పక్కనుంచి 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు వెళుతోంది. టీసీఎస్ ప్రాంగణం, ఏరోస్పేస్ సెజ్ వచ్చాయి. వాటి వెంట లేఅవుట్లు వచ్చాయి. గ్రామ పంచాయతీ పురపాలక సంఘమైంది. ఇలా పెరిగే ఊళ్లలో మన వర్గీకరణకు మూడు చిక్కులు ఎదురవుతాయి.

మొదటిది కొలత. లేఅవుట్లలో తరచుగా వినిపించే ‘ముప్పై అడుగుల రోడ్డు’ సుమారు 9.1 మీటర్లు. అంటే 1977 పట్టికలోని చివరి తరగతికి కూడా అది అందదు. పాత ఊరి సందులకైతే ఆ పట్టికలో చోటే లేదు.

రెండవది పని. ఎడ్లబండ్ల కాలంలో ఏర్పడిన ఇరుకు వీధే చుట్టుపక్కల లేఅవుట్లకు దారి అయితే, అది చేసేది కలెక్టర్ రోడ్డు పని. ప్రహరీ దగ్గర ఆగిపోయే అరవై అడుగుల లేఅవుట్ రోడ్డు మాత్రం కొన్ని ఇళ్లకే దారి. వెడల్పును బట్టి వర్గీకరిస్తే రెండింటి స్థానాలూ తారుమారవుతాయి.

మూడవది అనుసంధానం. ఒక్కో లేఅవుట్ ఒక్కో భూమి హద్దుల్లోనే రూపొందుతుంది. పక్క లేఅవుట్ వీధితో దాని వీధి కలవకపోతే, నడిచి వెళ్లే పిల్లవాడు కూడా పెద్ద రోడ్డు మీదికి రావాల్సిందే. 2020 నాటి లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం వంటివి ప్లాటుకు చట్టబద్ధత ఇవ్వగలవు. ఇళ్లు కట్టేశాక, లేని వీధిని తెచ్చివ్వలేవు.

వెడల్పు పెంచితే సరిపోతుందనుకోకండి. ఖాళీగా, తిన్నగా ఉన్న వెడల్పాటి వీధి వేగాన్ని ఆహ్వానిస్తుంది. వేగం రెట్టింపైతే వాహనపు గతిశక్తి నాలుగు రెట్లవుతుంది. ఆ దెబ్బ తగిలేది ఇంటి ముందు ఆడుకునే పిల్లలకు, నడిచే వృద్ధులకు. అందుకే నెదర్లాండ్స్ 1976లోనే ‘వూనెర్ఫ్’ అనే నివాస వీధులకు చట్టరూపం ఇచ్చి, అక్కడ వాహనాలు నడక వేగంతోనే వెళ్లాలని నిర్దేశించింది.

తొమ్మిది మీటర్ల వీధినీ బాగా రూపొందించవచ్చు. పాదచారుల సౌకర్యాలపై ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012 పత్రం కోరే 1.8 మీటర్ల కాలిబాటను రెండు వైపులా వేస్తే, 5.4 మీటర్లు మిగులుతాయి. రెండు కార్లు నెమ్మదిగా తప్పుకోవడానికి అది చాలు. అయితే మురుగుకాలువ మూత కాలిబాటతో సమంగా ఉండాలి. గేటు ముందు ర్యాంపు వీధిలోకి పొడుచుకు రాకూడదు. కరెంటు స్తంభం నడిచే దారికి అడ్డు రాకూడదు. కార్లను ఇంటి ఆవరణలోనే నిలపాలి.

కాబట్టి వీధిని వర్గీకరించేటప్పుడు మొదట అడగవలసినవి మూడు ప్రశ్నలు: ఈ వీధి దేన్ని దేనితో కలుపుతోంది? ఎవరు, ఎలా వాడుతున్నారు? ఎంత వేగం ఇక్కడ క్షేమం? వెడల్పు ఆ తరువాతి ప్రశ్న. లేఅవుట్ కాగితం మీద ఉన్నప్పుడు వీధిని మార్చడానికి ఒక గీత చాలు. ఇళ్లు లేచాక మార్చాలంటే ఎవరిదో ఒకరి గోడ కూలాలి.

కృత్యం: మీ వీధి వెడల్పును టేపుతో కొలవండి. ఉదయం బడి వేళలో అరగంట నిలబడి నడిచేవారిని, సైకిళ్లను, వాహనాలను విడివిడిగా లెక్కించండి. వెడల్పును బట్టి మీ వీధి ఏ తరగతికి చెందుతుంది? చేసే పనిని బట్టి ఏ తరగతికి? తేడా ఉంటే కారణాలు రాయండి.