గౌను ఎవరిది?

పెళ్ళిలో ఎవరి జాకెట్టు బాగున్నా "ఎక్కడ కుట్టించారండీ?" అని అడుగుతాం. "కుట్టినావిడ ఎవరు?" అని అడిగినవాళ్ళని నేను చూడలేదు. నేనూ అడగలేదనుకోండి!

1953లో జాక్వెలిన్, జాన్ కెనెడీల పెళ్ళి. పెళ్ళికూతురి గౌనుని పత్రికలు తెగ పొగిడాయి. కుట్టినావిడ పేరు మాత్రం చాలా పత్రికలు రాయలేదు. ఆమె ఆన్ లో. న్యూయార్కులో సొంత పేరుతో గౌనుల దుకాణం నడిపిన నల్లజాతి స్త్రీ. చిన్నప్పుడు అలబామాలో, తల్లీ అమ్మమ్మా కుట్టగా మిగిలిన పీలికలతో గుడ్డపువ్వులు చేస్తూ పని నేర్చింది. పెళ్ళి పదిరోజులుందనగా దుకాణంలో నీళ్ళ గొట్టం పగిలి గౌను పాడైంది. పెళ్ళివారికి చెప్పకుండా సొంత డబ్బుతో మళ్ళీ కుట్టింది. చివరికి మిగిలింది 2,200 డాలర్ల నష్టం!

1947లో ఒలీవియా డి హావిలాండ్ ఆస్కార్ అందుకున్నప్పటి గౌనూ ఈమె చేతి పనే. లోపలి చీటీ మీద ఉన్నది మరొకరి పేరు.

ఇప్పుడు అక్కడ పాత గౌనులు వెతికి కొనడం ఒక ముచ్చట. అందరూ ముందు చూసేది చీటీనే. చీటీ అబద్ధమాడవచ్చు, కుట్టు ఆడదు. 2023లో వింటర్‌థర్ మ్యూజియం ఆన్ లో గౌనులను ఆమె పేరుతోనే ప్రదర్శనకు పెట్టింది. కాని ఆమె పోయింది 1981లో!

ఈసారి నా జాకెట్టు బాగుందంటే దుకాణం పేరు చెప్పి ఊరుకోను. మిషను మీద వంగిన మనిషి పేరు చెబుతాను. ముందు ఆ పేరేమిటో కనుక్కోవాలి మరి!